క్లచ్చు లేని కారు

ఆదివారం పొద్దున్నే మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరులో నిమ్మళంగా టిఫిన్ తిని, పలమనేరు మీదుగా ముహూర్తానికి ముందే కుప్పం చేరాలన్నది సురేంద్ర వేసిన ప్లాను. కుప్పంలో అతని మేనత్త చెంగమ్మ కొత్త ఇంటి గృహప్రవేశం. పాలు పొంగించే గిన్నె పుట్టింటి నుంచి రావాలన్నది వాళ్ల ఇళ్లలో వాడుక. ఆ ఇత్తడి గిన్నెను చెంగమ్మ అన్న, సురేంద్ర తండ్రి దొరస్వామి చింతపండు పెట్టి తానే తోమాడు. భార్య మునెమ్మ తోమితే మెరుపు చాలలేదట.

దొరస్వామికి గిన్నె కంటే పెద్ద ఆశ ఇంకొకటి ఉంది. సోమల దగ్గర పొలంలో బోరు పైపు జారి మీద పడినప్పటి నుంచి అతని ఎడమకాలికి బలం లేదు. అంతకు ముందు ట్రాక్టరు నడిపిన మనిషి, ఆ తర్వాత ఎవరో నడిపే బండిలో పక్కన కూర్చోవడమే. చెల్లెలింటికి ఎప్పుడు పోయినా బస్సు దిగి కుంటుకుంటూ పోయేవాడు. ఆ ఇంట్లో మొదటగా డిగ్రీ చదివినవాడు సురేంద్ర. ఉద్యోగం కుదురుకోగానే బెంగళూరు నుంచి ఒక పాత ఆటోమేటిక్ కారు తెచ్చాడు. దానికి క్లచ్చు ఉండదు, ఎడమకాలికి పనే లేదు. దొరస్వామి తొందరగానే నేర్చుకున్నాడు, లైసెన్సూ వచ్చింది. ఈరోజు చెల్లెలి గడప ముందు తన చేత్తో కారు నిలపాలి. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చినప్పుడే అందరికీ తెలిసిపోయింది.

బయలుదేరే ముందు మునెమ్మ కారుకు పూజ చేసింది. ఎద్దుల కొమ్ములకైనా, బోరు స్టార్టరు పెట్టెకైనా పసుపునీళ్లు పోయకుండా ఆమె ఏ పనీ మొదలుపెట్టి ఎరగదు.

"స్టీరింగుకు బొట్టు పెట్టినానప్పా. ఇంకా దేనికి పెట్టల్ల?" అని కొడుకును అడిగింది.

సురేంద్రకు తెలిసిన విషయం ఎవరైనా అడిగితే సగంలో ఆపడం చేతకాదు. "అమ్మా, ఈ కారుకు పానమంతా ఈ గేరు కడ్డీలోనే ఉండాది. దీని కింద చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంటాది. మనం ఏ గేరులో ఉండామో కంప్యూటరుకు చెప్పేది అదే. అది లేకపోతే బండి కదల్దు."

మునెమ్మ భక్తిగా తల ఊపింది. సురేంద్ర ఇంటికి తాళం వేయడానికి పోయాడు. ఆమె కలశం చేతబట్టుకుని కారెక్కింది. కొడుకు చెప్పిన మాటను ఆమె ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

దొరస్వామి కారును పెళ్లికూతురి పల్లకీలా నడిపాడు. గుంత కనిపిస్తే దానికి మర్యాద ఇచ్చి పక్కగా పోయాడు. పుంగనూరు ఇంకా రాకముందే డాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఒకటి కొట్టుకోవడం మొదలుపెట్టింది. కారు ఒక్కసారి కుదుపు ఇచ్చి, ఎంత తొక్కినా వేగం అందుకోకుండా మూలగసాగింది. వెనక వచ్చిన గడ్డి ట్రాక్టరు హారన్ కొట్టి దాటిపోయింది.

సురేంద్ర కారును పక్కకు ఆపించి, స్టీరింగు కింద కారు లోపాలు చూపించే చిన్న స్కానరు తగిలించి ఫోనులో చూశాడు. గేరు ఏ స్థానంలో ఉందో తెలియడం లేదని వచ్చింది.

"నాయనా, బండి పోతాండంగా గేరు కదిలించినావా?"

"లేదప్పా."

"సెయ్యి తగిలింటాదిలే. ట్రాక్టరు అలవాటు."

"తగల్లేదనుకుంటా."

"అనుకుంటా అంటే ఎట్ల నాయనా? కంప్యూటరు అబద్ధం చెప్తాదా?"

దొరస్వామి తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. చదువుకున్న కొడుకూ కంప్యూటరూ ఒక్క మాట మీద ఉన్నప్పుడు తానేం చెప్పగలడు? "నేనే ఏదో సేసింటాలే" అని దిగి, కుంటుకుంటూ అవతలి వైపు పోయి కూర్చున్నాడు. గిన్నెను ఒళ్లో పెట్టుకున్నాడు.

సురేంద్ర తాళం తిప్పి ఆపి మళ్లీ స్టార్టు చేశాడు. దీపం ఆరింది. కారు హాయిగా పోయింది. తప్పు ఎవరిదో ఇక అనుమానం లేకుండా పోయింది. పుంగనూరులో దోసెలు తింటున్నంతసేపూ అతను గేరు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు తండ్రికి చెప్పాడు. దొరస్వామి చట్నీ వైపు చూస్తూ అన్నిటికీ "ఊ" కొట్టాడు.

మునెమ్మ మాత్రం ముందుగా లేచి కారు దగ్గరికి పోయింది. గండం గడిచినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి కదా. కలశంలో ఇంకా సగం నీళ్లున్నాయి.

పలమనేరు దాటి, వి.కోట పొలిమేరలో గేదెలు అడ్డం వస్తే సురేంద్ర కారాపి గేరును పార్కింగులో పెట్టాడు. గేదెలు పోయాయి. కారు పోలేదు. గేరు కడ్డీ పాతిన రాయిలా బిగుసుకుంది, తాళంచెవి ఊడి రాలేదు. ఈసారి స్కానరు వరుసగా తొమ్మిది తప్పులు చూపించింది. సురేంద్ర ఇంజను కంప్యూటరును అనుమానించాడు, గేరుబాక్సు ఆయిలును అనుమానించాడు, కారు అమ్మిన మనిషిని అనుమానించాడు. దగ్గరలో షెడ్డు ఉన్న లారీ మెకానిక్ భీమరావును పిలుచుకొచ్చాడు.

భీమరావు వంగి పెడళ్ల వైపు చాలాసేపు చూశాడు. "క్లచ్చు యాడ పాయెనప్పా?"

"దీనికి క్లచ్చు లేదన్నా."

"ఎవురు పీకేసినారు?"

సురేంద్ర వివరించాడు. భీమరావు అంతా విని, ఏ బండికైనా చేసే వైద్యమే దీనికీ చేశాడు. బ్యాటరీ వైరు విప్పి మళ్లీ తగిలించాడు. తగిలించగానే కారులోని దొంగల అలారం ఊరంతా వినబడేలా మోగింది. ఆపుదామంటే రిమోటులో సెల్లు ఎప్పుడో అయిపోయింది. సరిగ్గా అప్పుడే చెంగమ్మ ఫోను చేసింది.

"ఏమప్పా, ముహూర్తం దాటిపోతాదని అయ్యవారు తొందర సేస్తాండాడు. యాడుండారు? ఏందా సైరను?"

"వి.కోట కాడుండాం, బయపడద్దత్తా. భీమరావు విప్పి సూస్తాండాడు. మద్దినానికంతా తేలిపోతాది." అంతలో స్కానరుతో పొద్దుటి నుంచి పని చేసిన ఫోను చార్జింగు అయిపోయి ఆరిపోయింది.

అలారం ఆగాక సురేంద్ర ఇంకేమీ తోచక గేరు కడ్డీ చుట్టూ ఉన్న మూతను స్క్రూడ్రైవరుతో లేపాడు. కింద పలక మీద పసుపు ముద్దలా పేరుకుంది. దాని మధ్యలో ఒక బంతిరేకు తాజాగా ఉంది.

"అమ్మా, ఏందిది?"

"నువ్వే కదప్పా చెప్తివి, పానమంతా దాంట్లోనే ఉండాదని." మునెమ్మ గర్వంగా అంది. "ఇంటికాడ ఒకసారి పోసినా, పుంగనూరులో ఇంకోసారి పోసినా."

భీమరావు గేదెలు పోయిన దిక్కుకు చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. సురేంద్ర నవ్వలేదు. తువ్వాలుతో పలకను తుడిచాడు, పెట్రోలు తడిపిన దూదితో తుడిచాడు, ఎండలో ఆరబెట్టాడు. మూత పెట్టేసరికి గేరు వెన్నలో వేలు పెట్టినట్టు కదిలింది.

అతను తండ్రి వైపు తిరిగాడు. తాళంచెవి అందిస్తూ, "నాయనా, నువ్వేం సెయ్యలేదు. నువ్వే నడుపు" అన్నాడు.

దొరస్వామి చెయ్యి చాపలేదు. "వద్దులేప్పా. ఇంగోసారి ఏమన్నా అయితే మళ్లా నా సెయ్యే అంటారు." మాటలో కోపం లేదు. కోపం ఉంటే సురేంద్రకు కొంచెం సులువయ్యేది.

అప్పుడే కుప్పం వైపు నుంచి ఒక టెంపో దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ముందు చెంగమ్మ దిగింది, వెనక పట్టుచీరల్లో చుట్టాలు, చివర అయ్యవారు. చెంగమ్మ అన్నను చూసి, పైనుంచి కిందికి తడిమి చూసి, రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

"సైరను ఇని ఆపరేషను అనుకుంటిమే అన్నా. విప్పినారన్నారే."

"విప్పింది కారునుమ్మా."

"పాలు?" అని మునెమ్మ అడిగింది.

చెంగమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎవురూ లేరు కదా వొదినా. వంటోళ్లు టీ గిన్నెలో పొంగించేసినారంట."

దొరస్వామి ఒళ్లో ఇత్తడి గిన్నె తళతళలాడుతూనే ఉంది. అతను దాన్ని కండువాతో ఒకసారి తుడిచాడు. చెంగమ్మ అది చూసి లేచి అన్న రెక్క పట్టుకుంది. "అన్నా, టీ గిన్నెది లెక్క గాదు. ఈ గిన్నెతో నువ్వు గడప దాటినాకే నా ఇల్లు. రా, నా పక్కనే కూర్సో. ఇంక నిన్ను ఏ కారులోనూ పంపీను."

దొరస్వామి కారు వైపు చూశాడు, స్టీరింగు మీద పొద్దున పెట్టిన బొట్టు వైపు చూశాడు. తర్వాత చెల్లెలి భుజం పట్టుకుని టెంపో ఎక్కాడు. మునెమ్మ కూడా ఖాళీ కలశంతో ఎక్కింది.

సురేంద్ర ఒక్కడే కారులో వెనక బయలుదేరాడు. గేర్లు ఒకదాని తర్వాత ఒకటి ఏమాత్రం కుదుపు లేకుండా మారాయి. కారు చార్జరుకు తగిలించిన ఫోను కాసేపటికి వెలిగింది. అతను అందులో స్కానరు చూశాడు. ఏ లోపమూ లేదని వచ్చింది. నడపవలసిన మనిషి మాత్రం ముందు టెంపోలో పోతున్నాడు.