నూటికి నూరు మార్కుల సంకల్పం

కొత్త సంవత్సరం మొదటి రోజున ఆ కార్యాలయంలో ఒక సర్క్యులర్ వెలువడింది. ప్రతి ఉద్యోగీ ఒక వ్యక్తిగత సంకల్పం ఫారంలో రాసి, సంతకం చేసి, మూడు ప్రతుల్లో సమర్పించవలెను. ఏడాదంతా నిలుపుకున్నవారికి పతకం, తప్పినవారి పేర్లు నోటీసు బోర్డుకు. వ్యక్తిగతమైన దానికి మూడు ప్రతులెందుకని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు అక్కడ లేదు.

అందరూ బుద్ధిమంతులే. పొగ వాసనకే దగ్గొచ్చే హెడ్‌గుమాస్తా సిగరెట్ ముట్టనని రాశాడు. రికార్డు గది గుమాస్తా లంచం పుచ్చుకోనన్నాడు; ఆ గదికి ఎలుకలు తప్ప అర్జీదారులెవరూ రారు. మేనేజరుగారు వేళకు వస్తానన్నారు. ఆయన ఎప్పుడొస్తే అదే వేళ కనుక ఆ సంకల్పానికి ఢోకా లేదు.

తెలివితక్కువవాడు తపాలా గుమాస్తా ఒక్కడే. ఇరవై ఏళ్లుగా సాయంత్రమయ్యేసరికి సీసా మూత తీసే మనిషి, తాగుడు మానేస్తానని ఉన్నదున్నట్టు రాసి పారేశాడు. పైగా మానేశాడు. మొదటి వారం చేతులు వణికి స్టాంపులన్నీ వంకరగా అతికించాడు. రెండో నెలలో భార్య వంటింట్లో పాడుకోవడం విన్నాడు. ఆవిడకు పాట వచ్చని అతనికి అప్పుడే తెలిసింది. ఏడాది మొత్తంలో రెండుసార్లు కాలు జారాడు. తమ్ముడు పోయిన రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి. అదీ దాచకుండా కాగితం మీద పెట్టాడు.

డిసెంబరులో సభ జరిగింది. పతకం హెడ్‌గుమాస్తాకు దక్కింది.

"నేను చేసింది ఏముందండీ," అన్నాడాయన వినయంగా. "ఏడాది పొడుగునా నన్ను నేను అదుపులో పెట్టుకున్నాను, అంతే. మనసుంటే మార్గముంటుంది. కొందరికి ఆ మనసే ఉండదు."

సభ యావత్తూ తపాలా గుమాస్తా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. అతని పేరు పది రోజులు బోర్డు మీద వేలాడింది.

"మిగతా మూడొందల అరవై మూడు రోజులూ వాళ్ల కంటికి ఆనలేదా?" అని భార్య అడిగింది.

మరుసటి ఏడు అతనికి జ్ఞానోదయమైంది. జన్మలో పేకముక్క పట్టనివాడు, పేకాట ఆడనని రాసిచ్చాడు. నూటికి నూరు వచ్చాయి. మేనేజరుగారు స్వయంగా మెడలో పతకం వేసి, "మనిషి మారితే ఇలా మారాలి" అన్నారు. మారిన మాట వాస్తవమే. సీసా మళ్లీ ఇంటికొచ్చి అప్పటికి పదకొండు నెలలు. దానికి ఫారంలో గడి లేదు.

"పేకాట మానేశారటగా, సంతోషం," అంది భార్య, గ్లాసు అతని ముందు పెడుతూ.

ఆ ఏడు కార్యాలయంలో సంకల్పం తప్పినవారు ఒక్కరూ లేరు. పై అధికారులు ముచ్చటపడి ఈ పద్ధతిని అన్ని చోట్లా అమలు చేశారు. ఫారం మీకూ అందే ఉంటుంది. ఎన్నడూ చెయ్యని పనేదో ఒకటి వెతుక్కుని, మీరూ ఈపాటికి మానేసే ఉంటారు.