మంచం కింద వెండి

వరండాలో కూలికి వచ్చిన రాఘవమ్మా నేనూ ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. పత్తి చేలో పేనుబంక పురుగుల్ని చూసే భూతద్దం పట్టుకుని మా వీరబాబు మావయ్య గదిలోంచి వచ్చి ప్రకటించాడు.

"రమ్యా! జిల్లా పోలీసులు ఆరు నెలలు తిరిగినా తేల్చలేనిది నాకు ఐదు నిమిషాల పని. మంచం కింద కరిగిన వెండి దొరికింది. ఈ ఇంట్లో దొంగతనం జరిగింది."

"ఏం పోయింది మావయ్యా?"

"అది రెండో ప్రశ్న. ముందు దొంగ."

పొద్దున గోతాల కోసం ఆ గదిలోకి వెళ్ళింది రాఘవమ్మ. అత్తయ్య పడుకునేదీ ఆ గదిలోనే గానీ, కుటుంబ సభ్యులు అనుమానానికి అతీతులట. మావయ్య రాఘవమ్మ అన్నం మూట విప్పించాడు. గోంగూర పచ్చడీ ఉల్లిపాయా ఉన్నాయి.

"తెలివైన మనిషి. ఆధారం ఉంచలేదు" అన్నాడు.

"ఈ మాట బయటికి పొక్కితే నన్నింక ఎవరు పనికి పిలుస్తారండీ, బాబుగారూ?" అంది రాఘవమ్మ.

నేను లోపలికి వెళ్ళి చూశాను. నేలమీద మెరిసే బొట్లు దొర్లుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

"ముట్టుకోకు మావయ్యా, అది పాదరసం."

"ముట్టుకోకుండా పరిశోధనేంటే?" అప్పటికే వేళ్ళు పెట్టేశాడు. ఆయన పెళ్ళినాటి బంగారు ఉంగరం తెల్లబడిపోయింది.

"చూశావా! వెండే!"

పున్నమ్మత్తయ్య ఉంగరం చూసి గొల్లుమంది. "మా నాన్న పెట్టిన ఉంగరమండీ! నిన్న జ్వరం చూసుకుని విదిలిస్తుంటే థర్మామీటర్ మంచంకోడుకి తగిలి పగిలింది. మీరు అరుస్తారని గాజుముక్కలు దాచేశాను!"

మావయ్య చీపురు అందుకున్నాడు. నేను లాక్కున్నాను.

"ఊడిస్తే నలుసులై ఇల్లంతా పాకుతుంది. ఆవిరి పీలిస్తే ప్రమాదం. అందరూ బయటికి నడవండి."

ఫ్యాన్ ఆపి కిటికీలు తెరిచాను. గ్లౌజులు తొడుక్కుని, రెండు పాత శుభలేఖలతో బొట్లను దగ్గరికి నెట్టి ఎత్తాను. నలుసుల్ని టేపుతో అద్దాను. అన్నీ, గాజుముక్కలతో సహా, మూత బిగిసే సీసాలో వేసి పైన 'పాదరసం, తెరవొద్దు' అని రాశాను.

"ఉంగరం కూడా తియ్యి మావయ్యా. బంగారానికి పాదరసం పట్టేసింది."

గుమ్మంలో నిలబడే తీసి సీసాలో వేశాడు. "సీసా కాలవలో పడేసి రానా?"

"వద్దు. చెత్తబండికీ వద్దు. ప్రమాదకరమైన చెత్త ఎక్కడ తీసుకుంటారో కనుక్కుని ఇచ్చొద్దాం."

మావయ్య వరండాలోకి వచ్చి ఛాతీ విరుచుకున్నాడు.

"ఉంగరం త్యాగం చేసి కేసు ఛేదించాను. రాఘవమ్మా, నిన్ను నిర్దోషిగా విడుదల చేస్తున్నాను."

రాఘవమ్మ చేతులు కడుక్కుంది. విప్పిన మూట మళ్ళీ ముడేసుకుంది. సగం కాయలు తొడిమలతో అలాగే ఉండగా, గేటు దాటి వెళ్ళిపోయింది.