పళ్ళ పాచికి అరవై అయిదు అంగుళాల మందు

మా జిల్లా దంత వైద్యశాలలో చల్లని ప్లాస్మా చికిత్స మొదలై ఏడాది నిండింది. ఈ ఏడాదిలో అది సాధించిన విజయాలను నమోదు చేయవలసిందిగా రిజిస్టరు గుమస్తానైన నన్ను ఆదేశించారు. శిరసావహిస్తున్నాను.

ఘనత ముందుగా మా దిల్‌రబా డాక్టరమ్మకు దక్కాలి. పళ్ళ పాచి ఉత్త మురికి కాదట. సూక్ష్మజీవులు జిగురుతో గోడలు కట్టుకుని అందులో కాపురాలుంటాయట. మందులు దాటలేని ఆ గోడల్ని చల్లని ప్లాస్మా అనే ఊదారంగు వెలుగు, పంటిని కాల్చకుండానే, కాపురాలతో సహా లేపేస్తుందట. పరికరం పెన్నంత ఉంటుందని కూడా ఆమె ఎక్కడో చదివింది. "పళ్ళ పాచి నిర్మూలనకు చల్లని ప్లాస్మా ఒకటి" అని అర్జీ పెట్టింది. పెన్నంత అని రాయడం మరిచిపోయింది.

మా ఫెర్గానా లోయలో ప్లాస్మా అంటే ఏమిటో పసిపిల్లనడిగినా చెబుతుంది. గోడకు తగిలించే పల్చటి టీవీ. అది లేని అతిథుల గది అతిథుల గదే కాదు. అయిదుగురు సభ్యుల కొనుగోలు సంఘం ఆలస్యం చేయకుండా అరవై అయిదు అంగుళాలది తెచ్చింది. 'చల్లని' అన్న మాట మీద మాత్రం రెండు సమావేశాలు జరిగాయి. చివరికి ఉత్తరపు గదిలో తగిలించి, రెండు ఏసీలు పెట్టి, దాన్ని ఎల్లవేళలా చల్లగా ఉంచాలని తీర్మానించారు. రోగులు చలికోట్లు వెంట తెచ్చుకోవాలని తలుపు మీద నోటీసు అంటించాం.

డాక్టరమ్మ లబోదిబోమంటూ పెద్ద డాక్టరు ఖోజాయెవ్ గారి గదికి పరిగెత్తింది.

"సార్, ఇది టీవీ సార్!"

"ఏమ్మా, నువ్వు రాసిందేంటి? ప్లాస్మా. వచ్చిందేంటి? ప్లాస్మా. డబ్బా మీదేముందో చదువు."

"నేనడిగింది పెన్నంత ఉంటుంది సార్."

"చిన్నది అడిగితే పెద్దది తెచ్చాం. అది తప్పా? థాంక్స్ చెప్పాల్సింది పోయి దెబ్బలాటకొస్తావేంటమ్మా!"

ప్రారంభోత్సవానికి జిల్లా అధిపతి స్వయంగా వచ్చి ప్లాస్మాకు పట్టు చపాన్ కప్పారు. మా దగ్గర గౌరవనీయులకు కప్పే అంగీ అదే. తెర కనబడలేదు గానీ గౌరవం కనబడింది. "సోదరులారా! నేడు మన జిల్లా పంటి నొప్పికి శాశ్వతంగా వీడ్కోలు చెప్పింది!" అని ఆయన గర్జించారు. చప్పట్లు మోగాయి. ఆ వెంటనే తూర్సున్‌బాయ్ తన నిలువెత్తు ఇత్తడి బూర, కర్నాయ్, ఎత్తి ఊదాడు. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా ఆ బూరే. అదే అతని అన్నం.

అతని పై ముందుపళ్ళు నాలుగూ చిగుళ్ల దగ్గర పుచ్చుతున్నాయి. అవి ఊడితే బూర పెదవులకు ఆనదు. ఆ పాచిని మూడు నెలల్లో ఆపగలిగితే పళ్ళు నిలుస్తాయని డాక్టరమ్మ చెప్పింది. అసలైన పరికరం రాజధానిలో ఉందని చెప్పి, అక్కడికి పంపుతూ కాగితం కూడా రాసింది. "జిల్లాలో పరికరం ఉండగా బయటికి పంపుట నిబంధనలకు విరుద్ధం" అంటూ కాగితం తిరిగొచ్చింది. తిరస్కరణ ముద్ర వేసింది నేనే. ముద్ర చాలా నీటుగా పడింది.

కాబట్టి తూర్సున్‌బాయ్ మా దగ్గరే చికిత్స తీసుకున్నాడు. విధానం సులువు. చలికోటు వేసుకుని, ప్లాస్మా ఎదుట ఇరవై నిమిషాలు నోరు తెరుచుకుని కూర్చోవాలి. వంటల కార్యక్రమాలకు లాలాజలం ఎక్కువవుతోందని సంఘం వాటిని నిషేధించింది. దవడపళ్ళ వాళ్లకు హాస్య కార్యక్రమాలు కేటాయించాం, నోరు దానంతటదే తెరుచుకుంటుంది కదా. నిజం చెప్పాలంటే కొందరికి గుణం కనిపించింది కూడా. ఆ ఇరవై నిమిషాలూ వాళ్లు టీతో పటికబెల్లం చప్పరించలేదు.

"అన్నా, నాకేం తేడా తెలీట్లేదే?" అన్నాడు తూర్సున్‌బాయ్ ఓ రోజు నాతో.

"నోరు ఇంకొంచెం పెద్దగా తెరువు," అన్నాను.

డాక్టరమ్మ నోరు కూడా పెద్దదేనని గమనించి, ఆమెను కొండమీది ఊరికి బదిలీ చేశారు. అక్కడ కరెంటు లేదు. ప్లాస్మా లేని దురదృష్టవంతులకు ఆమె చేత్తోనే పాచి గీకుతోంది. అక్కడి పళ్ళు ఎందుకో గట్టిగానే ఉన్నాయని వింటున్నాం.

నలభై రెండో విడత పూర్తయ్యేసరికి తూర్సున్‌బాయ్ ముందుపళ్ళు నాలుగూ రాలాయి. ఇప్పుడు బూరలోంచి గాలి మాత్రమే వస్తుంది. పెళ్ళిళ్లకు పిలవడం మానేశారు. రిజిస్టరులో మాత్రం "చికిత్స సంపూర్ణం" అని రాశాను.

నిన్న రాజధాని నుంచి తనిఖీ అధికారి వచ్చారు. మేమంతా వరసగా నిలబడ్డాం. అత్యధిక విడతలు పూర్తి చేసిన రోగిగా తూర్సున్‌బాయ్‌ని ముందుకు పిలిచి, రెండు మాటలు చెప్పమన్నారు. అతను తెరకేసి చెయ్యి చూపించి, కళ్ళనీళ్లతో అరిచాడు.

"ఇథి తీవీ థారూ! ఉత్త తీవీ! నా పల్లు పోయాయి, నా బూర పోయింథి! ఈల్లంథరికీ తెలుథు థారూ!"

అధికారి అయోమయంగా మా వైపు తిరిగారు. "ఏమంటున్నాడయ్యా? ఒక్క ముక్క అర్థం కాలేదు."

పెద్ద డాక్టరు గారు నా వైపు చూశారు. నర్సులు నేల చూపులు చూశారు. అతని పెళ్ళి బూరతో ఇంటికి కోడళ్లను తెచ్చుకున్న వాళ్లు కూడా ఆ వరసలో ఉన్నారు. అందరికీ ప్రతి అక్షరం అర్థమైంది.

"కృతజ్ఞతలు చెబుతున్నాడు సార్," అన్నాను నేను.

నాకు ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయి. మాట చాలా స్పష్టంగా వచ్చింది.