మద్దిపారా వాగును చదును చేసిన వైనం

"ఇంతవరకు జనం బస్తర్‌కు వచ్చి బస్తర్‌ను చూశారు. ఇకమీదట రాకుండానే చూస్తారు," అని మంత్రిగారు ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు హాలంతా చప్పట్లతో మారుమోగింది. ముందు వరసలో కూర్చుని కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకప్పటికే అందులో ఉద్యోగం ఖాయమైంది.

పథకం పేరు బస్తర్ దివ్యదర్శన్ మిషన్. కొండలు, అడవులు, జలపాతాలు, ఊళ్లతో సహా బస్తర్ మొత్తాన్ని ఒక కంప్యూటర్ గేముగా తయారుచేస్తారు. ఎక్కడో సోఫాలో కూర్చున్న మనిషి ఫోను తీసి ఇంద్రావతి ఒడ్డున నడవొచ్చు, కొండలెక్కొచ్చు, జలపాతం కింద నిలబడొచ్చు. చెమట పట్టదు. దోమ కుట్టదు. మంత్రిగారు దీన్ని "నేలతో పనిలేని అభివృద్ధి" అన్నారు. ఆ మాట ఎవరు రాసిచ్చారో తెలియదు కానీ, అందులో అబద్ధం లేదు.

ఆ గేములో నేల తయారుచేసే బాధ్యత నాది. హోదా, టెర్రైన్ కన్సల్టెంట్. నేను బస్తర్‌లోనే, కిరందుల్ గని టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. హైదరాబాదులో ఒక గేముల కంపెనీకి ఏడేళ్లు కొండలు చేసిపెట్టాను. ఎక్కడెక్కడి పిల్లలో ఆ కొండల వెనక దాక్కుని ఒకర్నొకరు కాల్చుకునేవారు. కొండల్ని ఇక కంప్యూటరే సొంతంగా చేసుకోగలదని కంపెనీవాళ్లు ఒకరోజు కనిపెట్టి నన్ను ఇంటికి పంపారు. అప్పట్నుంచి మా నాన్న యేసుపాదం పెట్టే అన్నం తింటూ, అడిగినవాళ్లకు "ఫ్రీలాన్స్" అని చెప్పుకుంటూ వచ్చాను.

పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేల మొత్తం నా దగ్గర ఒక నలుపు తెలుపు బొమ్మగా ఉంటుంది. దాన్ని హైట్‌మ్యాప్ అంటాం. తెల్లగా ఉన్నచోట ఎత్తు, నల్లగా ఉన్నచోట పల్లం. ఉపగ్రహం తీసిన కొలతలతో మొదటి బొమ్మ వస్తుంది. ఆ తర్వాత దానిమీద నేను మౌసుతో బ్రష్షు తిప్పుతాను. ఒక బ్రష్షు నేలను లేపుతుంది. ఒకటి దించుతుంది. ఇంకొకటి చదును చేస్తుంది. ఇంతేనా అని మీకనిపిస్తే తప్పులేదు, మా నాన్నకూ అలాగే అనిపించింది.

మిషన్ డైరెక్టర్ దుర్గేశ్ గారు గొప్ప విజన్ ఉన్న మనిషి. మార్చిలో జరిగిన మొదటి సమీక్షలో మా కిరందుల్ కొండ తెరమీదకు రాగానే ఆయన నొసలు ముడిచారు.

"అరుణ్ జీ, ఈ కొండకేమైంది?"

"ఇనుప గని సార్. మెట్లు మెట్లుగా తవ్వారు."

"చూస్తుంటే దెబ్బ తగిలినట్టుంది. టూరిస్టు మూడ్ పాడవుతుంది. నింపేయండి."

నింపేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. పైన నాలుగు వేల చెట్లు కూడా చల్లాను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా నాన్నకు ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన ఆ కొండమీదే ముప్పై నాలుగేళ్లుగా ఖనిజం తవ్వే షవల్ యంత్రానికి ఆపరేటరు. డిసెంబరులో రిటైరవుతాడు. చేతిలో ముద్ద అలాగే ఉంచుకుని నావైపు చూశాడు.

"కొండంతా పూడ్చేశావా?"

"అవును నాన్నా."

"నాలుగు నిమిషాల్లో."

"మధ్యలో టీ వచ్చింది. లేకపోతే మూడే."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత, "మొత్తం ఎప్పటికవుద్దంట?" అని అడిగాడు. ఇంకో మూడు నెలలన్నాను.

"దేవుడు ఆరు రోజుల్లో పూర్తిచేశాడు గదరా."

"దేవుడికి రివ్యూ మీటింగులు లేవు నాన్నా."

ఏప్రిల్‌లో గేమును ఆడి చూడటానికి నగరంలో ఆరుగురు టెస్టర్లను పెట్టారు. వాళ్లనుంచి ఒక తీవ్రమైన ఫిర్యాదు వచ్చింది. గొల్లపల్లి దాటి లోపలికి వెళ్తే మద్దిపారా అనే చిన్న ఊరుంది. ఆ ఊరికి ముందు ఒక వాగు అడ్డం వస్తుంది. "ఆటగాడు వాగులో దిగితే మళ్లీ ఒడ్డెక్కలేకపోతున్నాడు. ఎంతసేపు ప్రయత్నించినా బయటపడే దారి లేదు," అని రాశారు.

దుర్గేశ్ గారు చలించిపోయారు. "ఈ కాలంలో కూడా ఒక మనిషి వాగు దాటలేకపోవడమా? ఇది మనందరికీ సిగ్గుచేటు. ఇవాళే సరిచేయండి."

చదును చేసే బ్రష్షు తీసుకుని వాగు పొడవునా ఒకసారి తిప్పాను. పదకొండు సెకండ్లు. వాగు పోయి పచ్చిక వచ్చింది. ఇంత వేగంగా సమస్య తీర్చిన ఉద్యోగిని తన సర్వీసులో చూడలేదని దుర్గేశ్ గారు నాకు శాలువా కప్పారు. ఆ ఫొటోను నేను మూడు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. ఒక గ్రూపులో ఎవరూ స్పందించకపోతే రెండోసారి కూడా పెట్టాను.

మే నెలలో సారలమ్మ వచ్చింది.

ఆమె మద్దిపారాకు మితానిన్, అంటే ఊళ్లో మందులూ కాన్పులూ చూసుకునే ఆరోగ్య కార్యకర్త. నలభై దాటిన మనిషి. తెల్లవారుజామున బయల్దేరి మూడు బస్సులు మారి మా ఆఫీసుకు వచ్చింది. దుర్గేశ్ గారు లేకపోవడంతో గుమాస్తా ఆమెను నా గదికి పంపాడు. చేతిలో ఒక ఉత్తరం ఉంది. వాగుమీద వంతెన కావాలని ఆ ఊరివాళ్లు తొమ్మిదేళ్లుగా అర్జీలు పెడుతున్నారట. వంతెనల శాఖ ఈసారి జవాబిచ్చింది: "పరిశీలనలో సదరు స్థలమున ఎట్టి వాగూ కనుగొనబడలేదు. కనుక అర్జీ ముగించడమైనది."

ఆ పరిశీలన ఎలా జరిగిందో నాకు తెలుసు. అంతకుముందు ఆ శాఖ కమిటీవాళ్లు స్థలం చూడటానికి రావాలంటే ఎండ, దుమ్ము, రోడ్డు అన్నీ అడ్డం వచ్చేవి. ఈ ఏడు దుర్గేశ్ గారు వాళ్లకు మా గేము ఇచ్చారు. ఏసీ హాల్లో కూర్చుని మద్దిపారా అంతా తిరిగారు. పచ్చిక చాలా బాగుందని మెచ్చుకున్నారు కూడా.

"వాగు లేదంట సారూ," అంది సారలమ్మ. "పోయినేడు దాక ఉండె. ఎవలు తీసుకపోయిండ్రో అడుగుదామని వచ్చిన."

"ఉపగ్రహం కొలతల్లో తేడా వచ్చి ఉంటుందమ్మా," అన్నాను. ఉపగ్రహం దూరంగా ఉంటుంది కాబట్టి ఏమీ అనుకోదు.

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "మల్ల పెట్టు," అంది.

మద్దిపారాను తెరమీదకు తెచ్చాను. ఊరి ముందు పచ్చిక తివాచీలా ఉంది. దించే బ్రష్షు తీసుకుని ఎంత లోతని అడిగాను.

"ఇప్పుడైతే మోకాళ్లు. ఆషాఢంల నా గొంతుదాక వస్తది. ఆనెంక మనిషితోని కొలిచేది గాదు."

దించాను. ఇంకా దించమంది. ఒడ్డు నిలువుగా ఉండాలంది. "ఈడ మద్దిచెట్ల వేళ్లుంటయి. అవి పట్టుకునే ఎక్కుతం. అవిటిని తియ్యకు." వేళ్లు పెట్టాను. "ఈడ ఒడ్డు జర పల్లం. పోయినేడు మా ఊరి ముయె అనే పిల్లకు కాన్పు నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చి ఈన్నే దించినం. నీళ్లు తగ్గుతయేమోనని రెండు రోజులు సూసినం."

నా చెయ్యి ఆగింది. "తర్వాత?"

"తల్లి బతికింది," అంది సారలమ్మ. తెరమీంచి చూపు తిప్పలేదు. "ఒడ్డు ఇంకొంచెం ఎనక్కి జరగాలె తమ్మీ."

జరిపాను. నాలుగు గంటలు పట్టింది. పని అయ్యాక ఆమె ముందుకు వంగి చాలాసేపు చూసింది. "ఇట్లనే ఉంటది," అంది. ఏడేళ్లలో నా పని చూసి ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె.

"తీసినోడివి గూడ నువ్వేనా?" అని మెల్లగా అడిగింది.

"పదకొండు సెకండ్లే పట్టిందక్కా," అన్నాను, దానివల్ల తప్పు చిన్నదవుతుందన్నట్టు.

ఆమె ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని, ఆఖరి బస్సు పోతుందని లేచింది.

మర్నాడు వాగును చూసి దుర్గేశ్ గారు మండిపడతారనుకున్నాను. ఆ మనిషి విజన్‌ను నేను తక్కువ అంచనా వేశాను. "వాగు ఉండాల్సిందేనా? ఉండనివ్వండి. మీద ఒక వంతెన పెట్టేయండి. ఆటగాళ్లు దాటుతారు, ఊరివాళ్ల డిమాండ్ కూడా తీరుతుంది."

అసలు వాగుమీద కూడా ఒకటి కావాలి సార్ అని నోటిదాకా వచ్చింది. నా కాంట్రాక్టు జూన్‌లో పొడిగించాల్సి ఉంది. రెడీమేడ్ బొమ్మల్లో ఉచితంగా దొరికిన వంతెన ఒక్కటే. మూడు కమానులు, అటూ ఇటూ నాలుగు రాతి సింహాలు. దాన్ని లాక్కొచ్చి వాగుమీద పెట్టాను.

జూన్‌లో గేము విడుదలైంది. మంత్రిగారు వేదికమీద జాయ్‌స్టిక్ పట్టుకుని రిబ్బన్ కత్తిరించి, సింహాల మధ్యనుంచి నడిచి వాగు దాటారు. మర్నాడు పేపర్లో ఆ బొమ్మ వేసి, కింద "మద్దిపారా వంతెనను ప్రారంభిస్తున్న మంత్రి" అని రాశారు. వంతెనల శాఖవారు పేపరు చదివి, తమ రిజిస్టరులో ఆ వంతెనను ఎక్కించి, దాని ఎదురుగా "పూర్తయినది" అని రాసుకున్నారు. మంత్రిగారు ప్రారంభించిన వంతెనను ఎవరు కట్టారని అడగడం మర్యాద కాదు. కట్టినవారి గడిలో మా మిషన్ పేరూ, నా పేరూ రాశారు.

ఆగస్టులో నేనొక అప్‌డేట్ పంపాను. దాంట్లో ఒక గడిలో టిక్కు పెట్టడం మరిచిపోయాను. దానివల్ల వంతెన కంటికి కనిపిస్తుంది, కాలు పెడితే మాత్రం ఉండదు. సూరత్‌లో ఒక పెద్దమనిషి ఫిర్యాదు బటన్ నొక్కాడు: "మద్దిపారా వంతెనమీద నడుస్తుండగా కిందపడి వాగులో కొట్టుకుపోయాను. చాలా నిరాశ చెందాను." ప్రభుత్వం ప్రజలకు చేరువ కావాలని దుర్గేశ్ గారు ఆ బటన్‌ను నేరుగా ప్రభుత్వ ఫిర్యాదుల విభాగానికి కలిపించారు. అక్కడ వంతెన అన్న మాట చూసి దాన్ని వంతెనల శాఖకు పంపారు. తొమ్మిదేళ్ల అర్జీలకు కదలని శాఖ తొమ్మిది గంటల్లో కదిలింది.

మూడు జీపులు బయల్దేరాయి. సాంకేతిక సలహాకోసం నన్నూ ఎక్కించుకున్నారు. గొల్లపల్లి దాకా జీపు, ఆపైన ట్రాక్టరు, ఆపైన బురద. వాగు ఒడ్డుకు చేరేసరికి అవతలి ఒడ్డు చెట్ల వేళ్లదాకా ఎర్రనీళ్లు పరుగెడుతున్నాయి. అవతల ఊరి జనం నిలబడ్డారు. వాళ్ల ముందు సారలమ్మ ఉంది.

ఇంజినీరుగారు వాగును ఇటూ అటూ చూశారు. ఒక్క రాయి లేదు. ఆయన ముందు రెండు దారులున్నాయి. వంతెన అసలు కట్టలేదనుకోవాలి, లేదా కొట్టుకుపోయిందనుకోవాలి. మొదటిదానికి ఆయన శాఖ రిజిస్టరే అడ్డు. రెండోదానికి వాగు సాక్ష్యం చెబుతోంది.

"సార్, నిజానికి ఇక్కడ వంతెన..." అని మొదలుపెట్టాను.

ఆయన నా భుజంమీద చెయ్యి వేశారు. "అర్థం చేసుకోగలను. మీ చేతులతో కట్టింది కదా. బాధగానే ఉంటుంది. ఆ మహిళను అడగండి, వంతెన కొట్టుకుపోయిందా అని."

నీళ్ల హోరులో గొంతెత్తి అడిగాను. సారలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింది.

"ఏందీ? ఏ వంతెన?"

"రిజిస్టరులో ఉన్న వంతెన అక్కా. కొట్టుకుపోయిందా అంటున్నారు."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "కొట్టుకపోతే మల్ల కడ్తరంటనా?"

ఇంజినీరుగారిని అడిగాను. వరదల్లో పోయిన వంతెనలు ముందుగా కట్టాలని రూలు ఉందన్నారు. ఆ మాట అవతలికి అరిచాను.

"అయితే కొట్టుకపోయింది," అంది సారలమ్మ.

"ఎప్పుడట?" అని ఇంజినీరుగారు అడిగించారు.

"సోమారం పొద్దుగాల. ముందుగాల ఈ దిక్కు కూలింది. ఎనక ఆ దిక్కు."

ఆమె పక్కనున్న గంగా అనే ముసలాయన, ఆ చప్పుడుకు తన ఎద్దులు బెదిరి తాడు తెంపుకున్నాయని చెప్పాడు. సోమ్లీ అనే ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంజినీరుగారు అంతా రాసుకున్నారు. "ప్రవాహ ఉధృతికి వంతెన పునాదులతో సహా కొట్టుకుపోయినది. సింహములు సైతం లభ్యము కాలేదు" అన్న ఆయన నివేదికను నేను తర్వాత చదివాను. దానికింద సాంకేతిక నిపుణుడిగా నా సంతకం ఉంది. అడిగితే పెట్టాను. అంత ధైర్యంగా సంతకం పెట్టడం అదే మొదలు. ఆ ఊరికి నిజంగానే వంతెన వస్తుందని ఆ రోజు నేను కూడా నమ్మాను.

సెప్టెంబరు రెండో వారంలో ఆర్డరు వచ్చింది. వంతెనను పదిహేను రోజుల్లో తిరిగి కట్టాలి. మొదటి ఏడాదిలోనే పడిపోయిన కట్టడాన్ని, కట్టినవారే మళ్లీ కట్టాలన్న నిబంధన ప్రకారం ఆ పని ఫలానావారికి అప్పగించడమైనది. రిజిస్టర్డ్ పోస్టులో మా ఇంటికి వస్తే మా నాన్న సంతకం చేసి తీసుకున్నాడు. నాకిస్తూ, "నీ పేరు తప్పుల్లేకుండా రాశార్రా," అన్నాడు.

నేనది రెండోసారి చదువుతుండగా ఫోను మోగింది.

"తమ్మీ, సారలమ్మను. వాగు ఇవతల ఎర్రబోరు ఊర్ల ఉన్న. వాగు జర తగ్గిందని మందులకు వచ్చిన. వంతెనకు ఆర్డరయిందంట గద."

"అయిందక్కా."

"మావోళ్లు ఇసుక తోడి కుప్పవోసిండ్రు. పనోళ్లు ఉండనీకె ఒక గుడిసె గూడ ఏసిండ్రు. ఎవలు కడ్తరంట? తెలిసినోళ్లేనా?"

ఆర్డరులో పేరు ఇంకోసారి చూశాను.

"తెలిసినవాళ్లే అక్కా," అన్నాను.