తెల్ల మరకల ముఠా

“నా కళ్లుగప్పే నేరస్తుడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా పాకడం నేర్చుకుని ఉండడు,” అని ప్రకటించాడు చువాంగ్ జిన్-ఫా, గదిలోకి వచ్చాక కూడా నల్ల కళ్లద్దాలు తీయకుండా.

షిన్‌చూలోని ఆ ఉపగ్రహ ప్రయోగశాలలో ఆయన స్టోర్‌కీపరు. కనబడకుండా పోయిన స్క్రూల డబ్బా తన కుర్చీ కిందే దొరికిన రోజు నుంచి డిటెక్టివు. ఇంజనీరు యూ-షాన్ ఆయన్ని పిలవలేదు. పొమ్మనే ఓపికా ఆమెకు లేదు.

ఆరేళ్లు తిండీ నిద్రా మాని ఆమె తయారుచేసిన థర్మల్ కెమెరా బల్ల మీద ఉంది. రేపు ఆకాశం నుంచి సముద్రం వేడి కొలవాల్సిన కెమెరా అది. ఎదురుగా చల్లటి నల్లపలక పెడితే తెర అంతా నల్లగా రావాలి. వస్తున్నవేమో తెల్ల మరకలు. ఎక్కడి నుంచో దారి తప్పిన వేడి కాంతి లెన్సులో దూరుతోంది. గొట్టం లోపల మళ్లీ నల్లరంగు పూసింది, మెరిసే ప్రతి స్క్రూకీ నల్లటేపు అంటించింది. మరకలు తగ్గకపోగా రోజుకొకటి పెరుగుతున్నాయి. సాయంత్రం ఐదింటికి పరీక్షాధికారులు వస్తారు. అప్పటికీ మరకలుంటే ఉపగ్రహంలో కెమెరాకి బదులు అంతే బరువున్న ఇనుప దిమ్మ వెళ్తుంది. ఆ దిమ్మను నిన్ననే తెచ్చి మూల పెట్టారు. దాన్ని చూస్తే ఆమెకు ఏడుపొస్తోంది.

“ఎవరిమీదమ్మా అనుమానం?”

“మనుషులు కాదు బాబాయ్. వేడిగా ఉన్నదేదో లెన్సుకి కనబడుతోంది.”

“అయితే వేడిగా ఉన్నవాడే దొంగ.”

జ్వరం చూసే యంత్రం తెచ్చి అందరి నుదుటా పెట్టాడు. యూ-షాన్‌ది చూశాడు, ముసలి లాయ్ మేస్త్రీది చూశాడు, చివరికి తనదీ చూసుకున్నాడు.

“గదిలో అందరూ వేడిగానే ఉన్నారు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇది ఒక్కడి పని కాదు. ముఠా.”

“మరి నువ్వూ వేడిగానే ఉన్నావుగా?” అన్నాడు మేస్త్రీ.

“నేను మారువేషంలో చేరాను.”

మేస్త్రీ ఆయన్ని వదిలేసి తన పని చూసుకున్నాడు. యంత్రం బుద్ధిగా ఉండాలంటే పక్కన కొబ్బరి రుచి చిరుతిండి పొట్లం ఉండాలని షిన్‌చూలో తెలియనిదెవరికి? ఆకుపచ్చదే కావాలి, తేదీ దాటకూడదు, విప్పకూడదు. పరీక్ష మొదలైన రోజు బల్ల అంచున, లెన్సుకి కాస్త దిగువన ఒకటి పెట్టాడు. మరక కనబడ్డ ప్రతి పొద్దునా ఇంకోటి పెడుతూ వచ్చాడు.

“ఇవాళ మరీ మొండికేసిందమ్మా. తొమ్మిదోది పెడుతున్నా.”

“పెట్టండి మేస్త్రీ,” అంది యూ-షాన్ నీరసంగా.

“ముఠా నాయకుడు ఐదులోపే వస్తాడు, చూస్తూ ఉండండి,” అంటూ చువాంగ్ భోజనం మానేసి బల్ల కింద మాటు వేశాడు. మూడున్నరకి కింద నుంచి గుర్రుమని శబ్దం వచ్చింది.

“ఏంటది బాబాయ్?”

“కడుపమ్మా.”

నాలుగు దాటాక తెర మీద ఒక మరక మాయమైంది. యూ-షాన్ తెర దగ్గరికి జరిగింది. ఎక్కడో కరకరమంది. ఇంకో మరక పోయింది. మళ్లీ కరకర, మళ్లీ ఒక మరక, అలా వరసగా పోతూనే ఉన్నాయి.

“ఎవరూ కదలకండి,” అంది.

కరకర ఆగింది. మరకలు పోవడమూ ఆగింది.

మేస్త్రీ వంగి చూశాడు. చువాంగ్ బుగ్గలు ఉబ్బించి, ఖాళీ పొట్లాలు జేబులో కుక్కుకుంటున్నాడు.

“దాని నోటి దగ్గర కూడు లాక్కున్నావా పాపిష్ఠోడా,” అని అరిచాడు మేస్త్రీ.

“తనిఖీ చేస్తున్నాను. తేదీలు చూశాను. రుచి కూడా చూశాను.”

యూ-షాన్ లెక్కపెట్టింది. పోయిన పొట్లాలు ఐదు, తెర మీద మిగిలిన మరకలు నాలుగు. ఆకుపచ్చ రంగు మన కళ్లకే. దాని కింద ఉన్నది వెండిరేకు, వేడి కాంతికి నిలువుటద్దం. గదిలో ఉన్నవాళ్ల ఒంటి వేడినంతా తిన్నగా లెన్సులోకి తోస్తోంది. చువాంగ్ చెప్పిన ముఠా నిజమే, అందరూ అందులో ఉన్నవాళ్లే.

“బాబాయ్, మిగతావీ తినేయండి.”

“పట్టదమ్మా.”

ఆమె రెండు చేతులతో నాలుగింటినీ ఎత్తేసింది. తెర నల్లబడింది. ఆరేళ్లలో అంత అందమైన నలుపు ఆమె చూడలేదు.

“దాని మంచి కోరే పెట్టానమ్మా,” అన్నాడు మేస్త్రీ తల దించుకుని.

“నాకు తెలీదా మేస్త్రీ? రోజూ వాటికి దణ్ణం పెట్టుకున్నదాన్ని,” అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ.

ఐదింటికి అధికారులు వచ్చి, తెర చూసి, తల ఊపి, కాగితం ఇచ్చారు. ‘దోషానికి కారణం’ అన్నచోట ‘లెన్సు దిగువన మెరిసే వస్తువులు, తొమ్మిది’ అని యూ-షాన్ రాసింది. ‘తొలగించిన విధానం’ దగ్గర కలం ఆగింది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

‘నాలుగు చేత్తో. ఐదు నమిలి.’