వరండా గోడ మీద ఎర్ర గీత

ముగ్గు వేయడానికి పొద్దున్నే తలుపు తీసిన శ్యామలమ్మకు వరండా గోడ మీద నిలువునా ఒక ఎర్ర గీత కనిపించింది. చిలకలగూడలో ఆ గీతకు ఒకటే అర్థం: రోడ్డు వెడల్పు చేస్తారు, గీతకు రోడ్డు వైపున్నదంతా కూలుస్తారు.

నిజానికి ఆమె ఆ రోజు ఎదురుచూస్తున్నది వేరు. మేడ మీద గది వేయడానికి బ్యాంకు లోను కావాలి. ఇంటికి విలువ కట్టే సత్యదేవ్ సాయంత్రం వస్తాడు. అతని కొత్త అసిస్టెంటు, పక్కింటి రాజేందర్, నిన్న చీకటి పడే వేళ కొలతలు తీసుకున్నాడు. మొన్నటిదాకా రాజేందర్ జాకెట్లు కుట్టే దర్జీ. "ఈ మొదటి ఇల్లు ఖరాబ్ చేస్తే మళ్ల జాకెట్లే కుట్టాలె" అని భార్య సుకన్య ముందే చెప్పేసింది.

శ్యామలమ్మ కేకకు ఎదురింటి నరసరాజు పరుగెత్తుకొచ్చాడు. గీతను చూశాడు. తర్వాత రోడ్డు మీదికి జరిగిన తన రేకుల షెడ్డును చూసుకున్నాడు.

"జేసీబీ వస్తే ఇల్లంతా కదిలిపోద్దండీ. మనమే విప్పేసుకుంటే రేకులన్నా దక్కుతాయి."

"మరి నా గోడ ఏం గావాలె?"

"ముందు దాన్నే కొట్టించండి. గీత మీదే కదా."

మధ్యాహ్నానికి గల్లీ అంతా సుత్తి మోతే. ఒకరు మెట్లు పగలగొట్టారు. ఒకరు గేటు ఊడదీసి లోపలికి మోసుకుపోయారు. గీత పడనివాళ్లు మరీ భయపడ్డారు. ఇల్లు మొత్తం పోతుంది కాబట్టే గీయలేదనుకున్నారు.

సాయంత్రం రాజేందర్‌తో వచ్చిన సత్యదేవ్ కారు నేరుగా శ్యామలమ్మ గుమ్మం ముందే ఆగింది. ఇరుకు గల్లీలోని ఆ గుమ్మం అంతవరకూ కారును చూడలేదు. గోడ ఉండాల్సిన చోట గాలి ఉండటం చూసి రాజేందర్ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"సగం ఇల్లు పాయె సారూ. ఇంక లోను రానట్టేనా?" అంది శ్యామలమ్మ.

సత్యదేవ్ గల్లీని అటూ ఇటూ చూశాడు. "ఆ వరండా మీ కాగితాల్లోనే లేదమ్మా, దానికి నేనెలాగూ విలువ కట్టను. కానీ ఇంత రోడ్డుంటే ఇంటి విలువ పెరుగుతుంది."

నరసరాజు గొంతు సవరించుకున్నాడు. "ఐడియా నాదేనండీ."

"ఐడియా మీదైతే, గీత ఎవలిది? పొద్దుగాల నా గుండె ఆగినంత పనైంది. వాణ్ణి జెర చూపియ్యున్రి."

చుట్టూ చేరిన గల్లీవాళ్లంతా నరసరాజు వైపు చూశారు. సుకన్య ఒక్కతే మొగుడి చొక్కా జేబు చూసింది. చెయ్యి పెట్టి, ఎర్ర దర్జీ చాక్ బయటికి తీసింది.

రాజేందర్ మెడలోని టేపు సర్దుకున్నాడు.

"నేనే గీసిన శ్యామలత్తా. కాగితంల కన్న ఇల్లు వరండా అంత ఎక్కువొచ్చింది. బట్ట ఎక్కువైతే గీత పెట్టుడు నాకు ఆదత్. కుట్లకు రెండించులు సుత వదిలిన. కత్తెర మాత్రం నేను పెట్టలే."