మూడు ఊళ్లకూ ఒకే గంట

ఇడ్లీ తిని, మూడు ఊళ్ల గడియారాలూ కలిపి, పది గంటలకు పరీక్ష మొదలుపెట్టించాలి. ఆ ఆదివారం పొద్దున బసవేశ్వరరావు అనుకున్నది ఇంతే. తెనాలిలో అతని ఇల్లూ కోచింగ్ సెంటరూ ఒకే మేడ. బాపట్లలోనూ రేపల్లెలోనూ బ్రాంచీలున్నాయి. తెనాలిలో ముందు మొదలైన పరీక్ష ప్రశ్నలు సెల్లుల్లో మిగతా ఊళ్లకు పాకుతున్నాయని, ఎదురుగా కోచింగ్ నడిపే పున్నారావు, పిల్లల తల్లిదండ్రుల ముందే అనేశాడు. బసవేశ్వరరావుకు ఒళ్లు మండింది.

"మూడుచోట్లా గంట ఒకేసారి మోగుద్ది. సెకను తేడా వస్తే బ్రాంచీలు రెండూ మూసేస్తా."

"మోగితే మీ పేపరు లీకవదని నేనే మైకులో చెప్తా" అన్నాడు పున్నారావు.

సెకను తేడా రాని క్వార్ట్జ్ గడియారాలు మూడు హైదరాబాదు నుంచి దిగాయి. పదవగానే గంట వాటంతటవే కొడతాయి. సిబ్బంది చేతి గడియారాలు తీసేయాలనీ, సెల్లులో టైము చూడకూడదనీ హుకుం జారీ అయింది. ఇక సంస్థకంతటికీ తెనాలి టైమే టైము.

ఆ టైము ఫోనులో విని బాపట్ల ఇన్‌చార్జి సాదియా గడియారం పెట్టింది. రైళ్లు అందుకుని బతికే ఊళ్లలో ఐదు నిమిషాలు ముందు నడవని గడియారం ఉండదు. అలవాటు కొద్దీ ఆవిడ ఐదు కలిపింది. ఆవిడనడిగి పెట్టుకున్న రేపల్లె ఇన్‌చార్జి జ్ఞానానందం, ఎందుకైనా మంచిదని మరో ఐదు కలిపాడు. సరిచూద్దామని బసవేశ్వరరావు రేపల్లెకు ఫోను చేశాడు.

"బ్రాంచి హెడ్డాఫీసుకంటే ముందుండటమేంటి?" అని తన ముల్లు ముందుకు జరిపి, సాదియాకు మళ్లీ చెప్పాడు. ఆవిడ మళ్లీ ఐదు కలిపింది. అలా టైము మూడు ఊళ్లూ చుట్టి వస్తూ, వచ్చిన ప్రతిసారీ కాస్త ఒళ్లు చేసింది.

"ఎనిమిదింటికొచ్చే కుళాయి నీళ్లే రాలేదు, అప్పుడే తొమ్మిదేంటండీ?" అంది భార్య కుసుమకుమారి.

"నీళ్లు లేటు."

"సార్, పిల్లలొచ్చే పాసింజరు ఇంకా రాలేదండి" అన్నాడు జ్ఞానానందం.

"రైలు లేటు."

పాపం, జన్మకో శివరాత్రి అన్నట్టు ఆ రైలు ఆ రోజే టైముకు నడుస్తోంది.

చివరికి ఒక చెవికి ల్యాండులైను, రెండో చెవికి సెల్లు పెట్టుకుని బసవేశ్వరరావు తేల్చేశాడు. "ముందున్న రేపల్లెకే కలుపుదాం. వెనక్కి తిప్పడం మా ఇంటా వంటా లేదు."

"ఈసారీ ఐదు కలపనాండీ?" అంది సాదియా.

అతనికి అప్పుడు అర్థమైంది విషయం. "వద్దమ్మా. తప్పైతే అయింది, మూడూ ఒకే తప్పు చెప్పాలి."

గంటలు మోగాయి. బాపట్లలో, రేపల్లెలో పున్నారావు కాపలా పెట్టిన మనుషులు సెల్లులో సాక్ష్యం చెప్పారు. సెకను తేడా లేదు. పున్నారావు పాలిపోయిన మొహంతో లోపలికొచ్చి ఖాళీ బెంచీలు చూశాడు.

"పిల్లలేరండీ?"

"పందెం గంట మీదేగా. పిల్లల ఊసెక్కడుంది?"

అసలు పదింటికి మూడు ఊళ్లలోనూ పిల్లలొచ్చారు. గంట మోగాక ప్రవేశం లేదని మూడు గేట్ల మీదా బసవేశ్వరరావే రాయించాడు. కుసుమకుమారి తాళం తీయమని బతిమాలింది. "రాయించింది రాయించిందే" అన్నాడు. అతను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

పున్నారావు మాట మీద నిలబడ్డాడు. బసవేశ్వరరావు పేపరు లీకవదని మైకులో ప్రకటించాడు. అదే మైకులో, గేటు బయట ఎండలో నిలబడ్డ పిల్లలందరినీ తన హాల్లోకి రమ్మన్నాడు.

ఆ వారం బసవేశ్వరరావు మూడు ఊళ్ల ఫలితాల్లోనూ ఒక్క మార్కు తేడా రాలేదు.